మిద్దె తోటలో పురుగుమందు: ముందు కోత రోజు చూసుకో

చి. ల. సౌ. లలితకు పెదనాన్న ఆశీస్సులు.

మీ మిద్దె మీద వంకాయల్లో పురుగు పడిందనీ, బెండ ఆకులు అంచుల వెంట పసుపుబారి పైకి ముడుచుకుంటున్నాయనీ, మందుల కొట్టులో ఏదో సీసా ఇచ్చి బకెట్టు నీళ్లలో మూతెడు కలిపి కొట్టమన్నారనీ వ్రాశావు. ఏ మందు కొట్టాలని అడిగావు. అంతకంటే ముందు, ఆ మొక్క నుంచి మళ్లీ ఏ రోజున కాయ కోసి వండబోతున్నావో తేల్చుకో. లంక భూముల్లో కూరగాయలు వేసినన్నాళ్లూ మేము కోత రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకునే మందు ఎంచుకునేవాళ్లం. కోసిన గంటలో పిల్లలకు వండిపెట్టే నీకు ఆ లెక్క మాకంటే ఎక్కువ అవసరం.

మందు పెట్టెలో మడతపెట్టిన కాగితం ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని చదవకుండానే పారేస్తారు. ఆ మందు ఏ పంట మీద, ఏ పురుగుకు, ఎంత మోతాదులో వాడాలో, చివరిసారి కొట్టిన తరువాత ఎన్ని రోజులు ఆగి కోయాలో అందులోనే ఉంటుంది. ఆగవలసిన ఆ రోజులనే వెయిటింగ్ పీరియడ్ అంటారు. ఇది మందుకొక అంకె కాదు, మందునూ పంటనూ కలిపి చూసి పెట్టిన అంకె. క్లోరాంట్రానిలిప్రోల్ అనే పురుగుమందు 18.5 శాతం ద్రవాన్నే తీసుకో. టమాటా మీద కొడితే 3 రోజులు, బెండ మీద 5, కాకర మీద 7 రోజులు ఆగితే చాలు, వంగ మీద కొడితే మాత్రం 22 రోజులు ఆగాలి. ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం మందుకు బెండ, టమాటాల మీద 3 రోజులైతే, మిరప మీద 40 రోజులు. అందుకే ఎవరైనా "ఇది మూడు రోజుల మందండీ" అంటే, ఏ పంట మీద అని తప్పక అడుగు. నీ పంట పేరు ఆ కాగితంలో లేకపోతే ఆ మందు నీ పంటకు పనికిరాదు.

డబ్బా మీద కనిపించే రంగు త్రికోణాన్ని చూసి కూడా పొరబడవద్దు. ఎరుపు అత్యంత విషపూరితమైనదనీ, తరువాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ తక్కువ విషమనీ అర్థం. ఒంట్లోకి పోతే మందు ఎంత ప్రమాదమో ఆ రంగు చెబుతుంది కాని, కాయ ఎప్పుడు కోయవచ్చో చెప్పదు. వంగకు 22 రోజులు ఆగమన్న ఆ క్లోరాంట్రానిలిప్రోల్ డబ్బా మీద ఉండేది ఆకుపచ్చ త్రికోణమే.

కొన్ని పేర్లు మాత్రం నీ గడప తొక్కకూడదు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని 2005లోనే ఉత్తర్వు వచ్చింది. ట్రయజోఫాస్, డైక్లోర్‌వాస్, ఫోరేట్ గుళికలు 2020 డిసెంబరు 31తో పూర్తిగా నిషేధంలోకి వెళ్లాయి. గులాబీ కుండీల్లో వేయమని నర్సరీల్లో ఇచ్చే గుళికలను కూరగాయల కుండీల దరిదాపులకు రానీయకు. బొద్దింకల స్ప్రే, చీమల చాక్‌పీసు మొక్కల మీద ప్రయోగించేవారిని కూడా చూశాను. అవి తినే పంట కోసం చేసినవి కావు.

ఇక నీ వంగ సంగతి. అది మొవ్వు, కాయ తొలుచు పురుగు. ఒకసారి కాయలోకి దూరాక పైన ఎంత కొట్టినా దానికి తగలదు, నీ కూరలోకి మాత్రం మందు వస్తుంది. వాడిపోయి వేలాడే కొమ్మ చివరలను పురుగు ఉన్న చోటికి కింద వరకు తుంచి, పుచ్చు కాయలతో సహా సంచిలో కట్టి పారేయి. ఈ పురుగుకు ప్రత్యేకంగా దొరికే ఎరతో లింగాకర్షక బుట్ట, అంటే ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగులను రప్పించి పట్టే బుట్ట, ఒకటి కట్టు. నీకున్న కొద్దిపాటి మొక్కలకు చాలావరకు ఇదే సరిపోతుంది. అప్పటికీ ఆగకపోతే ఎమామెక్టిన్ బెంజోయేట్ అనే, నీళ్లలో కరిగే 5 శాతం గుళికల మందును లీటరు నీటికి 0.4 గ్రాములు కలిపి కొట్టవచ్చు. దానికి వంగ మీద 3 రోజులు, బెండ మీద 5 రోజులు ఆగాలి. 0.4 గ్రాములంటే చెంచాతో తూగేది కాదు, చిన్న డిజిటల్ త్రాసు కావాలి. ద్రవమైతే సూది తీసేసిన సిరంజితో కొలువు. మూతెడు అన్న కొలతను నేను ఒప్పుకోను. మోతాదు పెరిగితే కాగితంలో రాసిన రోజులకు అర్థం ఉండదు.

బెండ ఆకులకు పట్టినది రసం పీల్చే పచ్చదోమ. సీసా మీద 1500 పి.పి.ఎం. అని (అది మందుగుణం ఎంత ఉందో చెప్పే అంకె) రాసి ఉన్న వేపనూనెను లీటరుకు 5 మిల్లీలీటర్ల చొప్పున, కొద్దిగా సబ్బునీళ్లు చేర్చి, ఆకుల అడుగు భాగం తడిసేలా సాయంత్రం కొట్టు. వేపలోని మందుగుణం ఎండకు త్వరగా నశిస్తుంది, పైగా ఆ వేళకు తేనెటీగలు కూడా తిరగవు. వేపనూనె అయినా సీసా మీద రాసినన్ని రోజులు ఆగే కోయి. ఇమిడాక్లోప్రిడ్‌కు బెండ మీద మూడు రోజులేనని వ్రాశాను కదా అని దానికి తొందరపడకు. అది మొక్క లోపలికి ఇంకిపోయే మందు, తేనెటీగలకు చాలా చేటు, ఉప్పునీళ్లతో ఎంత కడిగినా లోపలిది పోదు. కడగడం వల్ల పైపైన అంటినది కొంత తగ్గుతుందే తప్ప, ఆగవలసిన రోజులు తగ్గవు.

బెండ రోజు మార్చి రోజు కోతకు వస్తుంది కాబట్టి, కొట్టే రోజు మధ్యాహ్నమే లేత కాయలన్నీ కోసుకుని, సాయంత్రం కొట్టు. ఆగే రోజుల్లో ముదిరిన కాయలను తుంచి పారేయి. వీధిలో ఆవు కనిపించిందని పెట్టవద్దు, దానికీ అది విషమే. కుండీకి ఒక అట్టముక్క కట్టి, మందు పేరు, కొట్టిన తేదీ, కోయదగిన తేదీ రాయి. మీ పనిమనిషికీ అత్తగారికీ చెప్పి ఉంచు, ఎందుకంటే పులుసులోకి నాలుగు కాయలు కావాలని నువ్వు లేనప్పుడే ఎవరో ఒకరు మిద్దె ఎక్కుతారు.

పొలంలో లేని చిక్కు మిద్దె మీద ఒకటి ఉంది. వంగ పక్కనే కొత్తిమీర, దాని పక్కన తోటకూర పెట్టుకున్నావు. వంగకు కొట్టిన తుంపర వాటి మీదా పడుతుంది. ఆకుకూరల్లో ఆకంతా తినేదే, పైగా నెల తిరగకుండానే కోతకు వస్తాయి, కాబట్టి వాటికి రసాయన మందు జోలికే పోవద్దు. కొట్టవలసిన కుండీలను దూరంగా ఒక మూలకు జరిపి కొట్టు. మంచినీళ్ల ట్యాంకు మూత బిగించు, పిట్టలకు పెట్టిన నీళ్ల గిన్నె, ఆరేసిన బట్టలు తీసెయ్యి. గాలి నీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడు. నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు లేకుండా మూత తెరవవద్దు. అక్షింతల పురుగులు కనిపించిన మొక్కకు ఆ వారం ఏమీ కొట్టకు, మొక్క రసం పీల్చే పేనుబంకను అవే తినేస్తాయి.

మిగిలిన మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి దాచవద్దు. దాని సొంత సీసాలోనే, కాగితంతో సహా, తాళం వేసిన చోట ఉంచు. ఎవరికైనా మందు ఒంట్లోకి పోయిందనిపిస్తే, బలవంతంగా వాంతి చేయించక, 108కి ఫోను చేసి, ఆ సీసాను ఆసుపత్రికి తీసుకుపొమ్మను. మందు పేరు తెలిస్తేనే వైద్యుడు సరైన విరుగుడు ఇవ్వగలడు.

నీ దగ్గరున్న సీసాకు కాగితం ఉంటే ఫోటో తీసి పంపు. కాగితమూ బిల్లూ లేకుండా ఇచ్చినదైతే తెరవకుండా కొట్టులోనే తిరిగి ఇచ్చేసి, ఈ వారానికి తుంచడంతోనూ వేపనూనెతోనూ సరిపెట్టుకో.

ఇట్లు,
పెదనాన్న