మూడు చక్రాల స్టార్టప్‌లో చేరితే మా అమ్మాయి గతేంటి?

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతోంది. మూడు చక్రాల ఎలక్ట్రిక్ బండి తయారుచేస్తున్న ఒక స్టార్టప్‌లో ఛాసిస్ (బండి చట్రం) టీములో ఉద్యోగం ఇస్తామన్నారు. పెద్ద కార్ల కంపెనీ నుంచి కూడా ఆఫర్ ఉంది, జీతం కొంచెం ఎక్కువ. తను మాత్రం స్టార్టప్‌కే వెళ్తానని పట్టుబట్టి కూర్చుంది. ఇంజనీరింగ్ చదివి ఆటోలు చేస్తుందా అని బంధువులు నవ్వుతున్నారు. రెండింటినీ పోల్చి, తనకు తలకెక్కేలా చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: పోల్చడం తర్వాత. ముందు మీరు రాయకుండా వదిలేసిన ప్రశ్న సంగతి చూద్దాం. "ఆ కంపెనీ మూతపడితే మా పిల్ల రోడ్డున పడుతుందేమో" అన్నదే మీ భయం. కంపెనీ పేరు మారుతుందేమో గానీ ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. కంపెనీ మూతపడొచ్చు. పిల్ల మాత్రం రోడ్డున పడదు.

మూతపడే మాట దాచిపెట్టను. అమెరికాలో ఆప్టెరా అనే మూడు చక్రాల ఎలక్ట్రిక్ బండ్ల కంపెనీ 2006లో మొదలైంది. గాలిని చీల్చుకుపోయే నీటిబొట్టు లాంటి ఆకారంతో అందరినీ ఆకట్టుకుంది, 2011లో మూతపడింది, 2019లో మళ్లీ లేచింది. అలాంటిదే ఆర్కిమోటో 2007లో పుట్టి, 2019లో బండ్లు అమ్మడం మొదలుపెట్టి, 2023 మొదట్లో డబ్బు చాలక కొన్నాళ్లు ఉత్పత్తి ఆపేసింది. కెనడాకు చెందిన ఎలక్ట్రామెకానికా కథ ఇంకా చేదు. దాని ఒంటి సీటు బండి 'సోలో' నడుస్తుండగానే శక్తి కోల్పోయే లోపం బయటపడటంతో 2023లో అమ్మిన 429 బండ్లనూ కంపెనీయే తిరిగి కొనుక్కోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది ఆ కంపెనీ వేరే కంపెనీలో కలిసిపోయింది.

ఇంతవరకే చదివి "చూశావా, నేను చెప్పలేదా" అంటూ అమ్మాయి ముందు పెట్టకండి. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కల ప్రకారం 2023లో ఒక్క భారతదేశంలోనే 5.8 లక్షలకు పైగా ఎలక్ట్రిక్ మూడు చక్రాల బండ్లు అమ్ముడయ్యాయి. ఆ ఏడాది మన దేశం చైనాను కూడా దాటేసింది. పైన చెప్పినవాటిలో ఎక్కువభాగం ఒకరో ఇద్దరో సరదాగా, సొంతానికి కొనుక్కునే బండ్లు. ఇక్కడ అమ్ముడవుతున్నవి రోజూ మనుషుల్నో సరుకునో మోసి సంపాదించి పెట్టే బండ్లు. సంపాదన కోసం కొనేవాడు అందం చూడడు, కిలోమీటరుకు ఎంత పడుతుందో చూస్తాడు. ఆ లెక్కలో ఎలక్ట్రిక్ బండి నెగ్గుతుంది. అందుకే మీ అమ్మాయికి ఆఫరిచ్చిన కంపెనీ బండిని కొనబోయేది ఎవరో ముందు కనుక్కోమనండి. "అందరూ" అని జవాబొస్తే నాకు అనుమానమే.

ఇక బంధువుల నవ్వు. నాలుగు చక్రాల బండి కంటే మూడు చక్రాల బండిని సరిగ్గా నిలబెట్టడమే కష్టం. వాళ్లకు అర్థం కాకపోయినా మీకు అర్థమవ్వాలి కాబట్టి ఒక చిన్న లెక్క చెబుతాను. ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు, గురుత్వ కేంద్రం నేల నుంచి 0.5 మీటర్ల ఎత్తులో ఉన్నాయనుకోండి. నాలుగు చక్రాలుంటే సగం వెడల్పు 0.7ని ఎత్తుతో భాగించాలి, 1.4 వస్తుంది. మలుపులో పక్కకు తోసే బలం బండి బరువుకు 1.4 రెట్లయితే గానీ అది పల్టీ కొట్టదు. పొడి రోడ్డు మీద మామూలు టైరు పట్టు ఇంచుమించు 0.8 నుంచి 1 వరకే ఉంటుంది కనుక, అంతదాకా రాకముందే టైర్లు జారిపోతాయి. జారడం పల్టీ కంటే నయం. ఇప్పుడొక చక్రం తీసేయండి. బండి ఇక ఒంటి చక్రం నుంచి జంట చక్రాల్లో ఒకదానికి పోయే ఏటవాలు గీత మీదుగా ఒరుగుతుంది. గురుత్వ కేంద్రం ఒంటి చక్రం నుంచి మూడింట రెండు వంతుల దూరంలో ఉంటే, ఆ 1.4 కాస్తా 0.93కి పడిపోతుంది. టైరు ముందు జారుతుందా, బండే ముందు తిరగబడుతుందా అన్నది దాదాపు సరిసమానమైపోతుంది.

దీనికి మందు బరువును కిందికీ, జంట చక్రాల వైపుకూ జరపడం. బ్యాటరీ ఎలాగూ బరువే, దాన్ని నేలకు దగ్గరగా కోరుకున్న చోట పెట్టుకోవచ్చు. ఎలక్ట్రిక్ బండికి కలిసొచ్చిన విషయం ఇది. కానీ ముందు రెండు, వెనక ఒకటి చక్రాలున్న బండిలో వెనక పెట్టెలో సరుకు నింపితే బరువు మళ్లీ ఒంటి చక్రం మీదికే పోతుంది. ముందు ఒకటి, వెనక రెండు ఉంటే మలుపులో బ్రేకు వేయగానే బరువు ముందుకు ఉరికి బండి ఒరగబోతుంది. ఖాళీ బండికి ఒక లెక్క, నిండు బండికి ఇంకో లెక్క. పైగా కారు రెండు చక్రాల మధ్యనుంచి గుంతను తప్పించుకుంటుంది. మూడు చక్రాలు మూడు దారుల్లో పోతాయి కాబట్టి ఆ మధ్య చక్రానికి తప్పించుకునే వీలే లేదు. చదువైన ఏడాదిలోనే ఇలాంటి పని చేతికి రావడం మాటలు కాదు. పెద్ద కంపెనీలో చేరినవాళ్లలో కొందరు రెండేళ్లూ ఒకే తలుపు కీలు డ్రాయింగులు సరిదిద్దుతూ గడుపుతారు.

నా అనుమానాలు కూడా చెప్పాలి. అమెరికా నియమాల్లో మూడు చక్రాల బండి మోటార్‌సైకిల్ కింద లెక్క. కారుకుండే ఢీకొట్టే పరీక్షలు దానికి తప్పనిసరి కావు. ఐరోపాలోనూ దాన్ని కార్లతో కలపరు, వేరే వర్గంలో పెట్టారు. కొన్ని స్టార్టప్‌లు మూడు చక్రాలు ఎంచుకోవడానికి అసలు కారణం ఇదే. డిజైన్ కోసం కాకుండా పరీక్ష తప్పించుకోవడానికే ఒక చక్రం తీసేసిన చోట మంచి ఇంజనీరుకు ఊపిరాడదు. రెండోది, ఈవీ (ఎలక్ట్రిక్ బండ్ల) మోజు. మూడు నెలల ఈవీ సర్టిఫికెట్ కోర్సు చేసి, కంప్యూటర్‌లో రంగురంగుల బ్యాటరీ ప్యాక్ గీసి, జన్మలో ఒక్క కేబుల్ లగ్ (తీగ కొసకు బిగించే లోహపు ముక్క) కూడా బిగించని పిల్లలు నా దగ్గరికి చాలామంది వస్తున్నారు. వాళ్లకు స్టార్టప్ వద్దనే చెబుతాను. మీ అమ్మాయి ఛాసిస్ టీముకు ఎంపికైందంటే ఆ కోవలోది కాదనే అనుకుంటున్నాను.

మీకు కోపం వచ్చినా సరే, ఒక మాట. బంధువులు ఏమన్నారో రాశారు, జీతం తేడా రాశారు. ఆ ఉద్యోగం తనకెందుకు కావాలో అమ్మాయిని అడిగినట్టు మాత్రం ఎక్కడా లేదు. నన్ను సలహా అడగలేదు మీరు, మీ తరఫున వకాల్తా పుచ్చుకోమన్నారు. ఆ పని నేను చేయను. చదివించింది మీరే, కాదనను. అంతమాత్రాన నలుగురిలో ఏం చెప్పుకోవాలన్న మీ ఇబ్బంది తన ఉద్యోగానికి కొలబద్ద కాదు.

పోల్చమన్నారు కదా. పెద్ద కంపెనీలో జీతం నిలకడగా వస్తుంది, పద్ధతిగా పనిచేయడం అలవాటవుతుంది, పేరు పనికొస్తుంది. స్టార్టప్‌లో బ్రేకులు, సస్పెన్షన్, ఆమోద పరీక్షలు, విడిభాగాల సరఫరాదారుతో గొడవలు అన్నీ చూస్తుంది. రెండేళ్లకు అది మూతపడినా ఆ అనుభవానికి బస్సులు, ట్రాక్టర్లు, కార్లు చేసేవాళ్లంతా పిలుస్తారు. బండి ఒరిగే లెక్క ఎక్కడైనా ఒకటే. మొదటి ఉద్యోగం మూతపడిందని ఏ ఇంటర్వ్యూలోనూ తప్పుపట్టరు, అక్కడ ఏం చేశావని అడుగుతారు. ఇంటి ఖర్చులకు తన జీతమే ఆధారమైతే మాత్రం నా సలహా మారుతుంది, పెద్ద కంపెనీకే వెళ్లమంటాను. మీ ఉత్తరం చూస్తే అలా అనిపించలేదు.

చేరేముందు తను వాళ్లను అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. బండి ఇప్పటికే రోడ్డు మీద తిరుగుతోందా, నమూనా దశలోనే ఉందా? పల్టీ పరీక్ష ఖాళీ బండితో చేశారా, నిండు సరుకుతో చేశారా? ఇంకా ఎన్ని నెలలకు సరిపడా డబ్బు చేతిలో ఉంది? ఈ చివరి ప్రశ్నకు చిరాకు పడే కంపెనీ అయితే వెళ్లకపోవడమే మంచిది. పెద్ద కంపెనీకి రాలేనని చెప్పే మెయిల్ మాత్రం, స్టార్టప్ నుంచి సంతకాలైన నియామక పత్రం చేతికొచ్చాకే పంపమనండి.