పెద్దవారితో దారింగిబాడి వెళ్లవచ్చునా?

ప్రశ్న: మాది బరంపురం. డిసెంబరు చివర్లో డెబ్బై దాటిన మా అత్తగారితో, నాలుగేళ్ల పాపతో దారింగిబాడిలోని ఒక అతిథిగృహంలో రెండు రాత్రులు ఉండాలనుకుంటున్నాము. మంచు కురుస్తుందని పాప ఆశపడుతోంది. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? – ఒక గృహిణి

జవాబు: అమ్మా, ముందుగా పాపకు నిజం చెప్పండి. దారింగిబాడిని ఒడిశా కాశ్మీరమని పిలుస్తారు గాని, అక్కడ మీరు చూడగలిగేది ఆకాశం నుంచి రాలే మంచు కాదు. మబ్బులేని రాత్రి నేల వేడిని కోల్పోగా, గడ్డిమీది తేమ గడ్డకట్టి, తెల్లవారేసరికి ఉప్పు చల్లినట్లు కనిపిస్తుంది. ఎండ తగలగానే కరిగిపోతుంది కనుక పాపను ఆరింటికే లేపాలి. లేపడం మీ వంతు!

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది కుంపటి. చలికి ఓర్వలేక తలుపులు, కిటికీలు బిగించుకుని గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకునేవారున్నారు. బొగ్గు కాలినప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు గాని వాసన గాని ఉండవు. అది నిద్రలోనే ప్రాణం తీయగలదు. పొగ రాని నిప్పు క్షేమమనుకోవడం పెద్ద పొరపాటు. కుంపటి ఆరుబయటే ఉండాలి. స్నానాలగదిలో గ్యాసు గీజరు ఉంటే దాని జోలికి పోకుండా, కాచిన నీళ్లు బక్కెట్టుతో తెప్పించుకోండి.

అదనపు రగ్గులు ఇస్తారో లేదో గది తీసుకునేటప్పుడే అడగండి. అత్తగారు రోజూ వేసుకునే మందులు నాలుగు రోజులకు సరిపడా తీసుకెళ్లండి. ఘాట్ రోడ్డుపై పొగమంచు కమ్ముతుంది కనుక చీకటి పడకముందే చేరుకోండి. కాఫీ, మిరియాల తోటలను పది గంటల ఎండలో తీరిగ్గా చూడవచ్చు.