మనసు ఒడియాలో, ఇల్లు తెలుగులో

ప్రశ్న: మాది ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి. పుట్టిల్లు టెక్కలి. నాకు 36 ఏళ్లు, పెళ్లయి పన్నెండేళ్లు. కాశీనగర్ దగ్గర టీచరుగా పనిచేస్తున్నాను. మావారికి ఊళ్లో బట్టల దుకాణం. తొమ్మిదేళ్ల పాప ఉంది. ఆయన తాగరు, ఏనాడూ చెయ్యెత్తలేదు. కానీ మా మధ్య మాటల్లేవు. రాత్రి దుకాణం కట్టేసి వచ్చి, గల్లా డబ్బు లెక్కపెట్టి, నోట్లకు రబ్బరు బ్యాండ్లు వేసి పడుకుంటారు. సాయంత్రం నన్ను తీసుకెళ్లడానికి స్కూటరుతో బస్టాండుకు వస్తారు. ఇల్లు చేరేదాకా ఒక్క మాట ఉండదు. ఏడాదిన్నర క్రితం బస్సులో ఒకరు పరిచయమయ్యారు. ఒడియా వారు, గుణుపూర్‌లో ఉద్యోగం, భార్య, ఒక బాబు. మొదట్లో మా ఇళ్ల సంగతులే చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు రాత్రి పదకొండు దాటాక కూడా మెసేజీలు నడుస్తున్నాయి. హద్దు దాటలేదు. ఈమధ్య ఆయన ‘కభీ అల్విదా నా కెహనా’ సినిమా చూడమన్నారు, ఇది మన కథే అన్నారు. రెండుసార్లు చూసి రెండుసార్లూ ఏడ్చాను. ఆయనతో ఒడియాలో మాట్లాడుతున్నంతసేపు నేను వేరే మనిషిని. ఇంట్లో తెలుగులో పప్పు, ఉప్పు, ఫీజు తప్ప మాటే రాదు. ఆ సినిమా చెప్పింది నిజమేనా? మావారికి చెప్పాలా, దాచాలా?

జవాబు: అమ్మా, మీరు తప్పు చేశారా లేదా అన్న తీర్పుతో నేను మొదలుపెట్టను. ఆ తీర్పు రోజూ మీకు మీరే ఇచ్చుకుంటున్నారని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. ముందు సినిమా సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే దాన్ని మీ చేతిలో పెట్టినవారు అందులో సగమే మీకు చూపించారు.

2006లో కరణ్ జోహార్ తీసిన ఆ సినిమా కథంతా న్యూయార్క్‌లో జరుగుతుంది. కాలు దెబ్బతిని ఆట పోగొట్టుకున్న ఫుట్‌బాల్ ఆటగాడు దేవ్, టీచరు మాయ. ఇద్దరికీ వేరువేరు సంసారాలు. మాయ టీచరు కాబట్టి మీ గుండె అక్కడే పట్టుకుపోయి ఉంటుంది. కానీ వాళ్లిద్దరూ ఎందుకు కలుసుకోవడం మొదలుపెట్టారో గుర్తు తెచ్చుకోండి. ప్రేమించుకోవడానికి కాదు, ఎవరి కాపురాన్ని వాళ్లు నిలబెట్టుకోవడానికి. నీ భార్యతో ఇలా ఉండు, నీ భర్తతో అలా ఉండు అని ఒకరికొకరు సలహాలు చెప్పుకుంటారు. చిక్కు అక్కడే పడింది. భర్త మీద బెంగ భర్తకు చెప్పకుండా ఇంకొకరికి చెబితే, చెప్పిన ప్రతిసారీ ఆ ఇంకొకరు దగ్గరవుతారు, ఇంట్లోవాళ్లు ఒక అడుగు దూరమవుతారు. వాళ్లకు ఆ సంగతి తెలియనైనా తెలియదు. “మొదట్లో మా ఇళ్ల సంగతులే చెప్పుకునేవాళ్లం” అని మీరు తేలిగ్గా రాసేశారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైన మాట అదే.

అందులో అమితాబ్ బచ్చన్ పాత్ర ఉంది, మాయ మామగారు. కోడలి సంగతి ఆయనకు తెలిసిపోతుంది. మరణశయ్య మీద ఆయన ఆమెను తిట్టడు, సర్దుకుపొమ్మనడు, నా కొడుకును వదిలి వెళ్లిపొమ్మంటాడు. మనసు లేకుండా ఇంట్లో ఉండిపోతే నీకే కాదు, వాడికీ అన్యాయమే అన్నది ఆయన బాధ. మన ఇళ్లలో మామగారి నోట ఇలాంటి మాట ఊహించడం కష్టం. అయినా ఆ ముసలాయన ఒక తేడా పట్టుకున్నాడు. కొడుకును వదిలిపెట్టమన్నాడే తప్ప ఫలానావాడి దగ్గరికి వెళ్లమనలేదు. కాపురంలో ఉండాలా వద్దా అన్నది ఒక ప్రశ్న. బస్సులో మనిషి మీకేమవుతారన్నది వేరే ప్రశ్న. మీరు ఈ రెండూ ఒకే మూట కట్టి తెచ్చారు, అందుకే ముడి విప్పలేకపోతున్నారు. ఆ మనిషి ఈ భూమ్మీదే లేరనుకుని మొదటిదానికి జవాబు వెతకండి. రెండోదాని సంగతి అప్పటిదాకా పక్కన పెట్టండి.

ఇక సినిమాలో దేవ్, మాయ చివరికి రైల్వే స్టేషన్లో ఒకటవుతారు కదా అంటారేమో. దానికి ముందు రెండు ఇళ్లు కూలాయి. తమ తమ వాళ్లు క్షమించారని ఒకరికొకరు అబద్ధం చెప్పుకుని మూడేళ్లు ఒంటరిగా గడిపారు. తెర మీద ఆ మూడేళ్లు కాసేపట్లో అయిపోతాయి. మీ పాపకు అవి తొమ్మిదో ఏటి నుంచి పన్నెండో ఏటి దాకా వచ్చే మూడేళ్లు. పైగా న్యూయార్క్‌లో ఎవరు ఎవరితో కూర్చున్నారో అడిగేవాళ్లు లేరు. మీ ఊళ్లో మాట పుడితే సాయంత్రానికి పాతపట్నం, మర్నాటికి టెక్కలి చేరుతుంది. నలుగురికీ భయపడి బతకమని నేనెప్పుడూ చెప్పను. కానీ మీవారు ఈ సంగతి ఎవరి నోటి నుంచి వినాలన్నది ఇప్పటికి మీ చేతిలోనే ఉంది, అది ఎన్నాళ్లో ఉండదు.

ఒడియాలో మీరు వేరే మనిషి అవుతానన్న మాట నన్ను చాలాసేపు కూర్చోబెట్టింది. సరిహద్దులో పుట్టి పెరిగినవాళ్లకే తెలిసే నిజం అది. మీకు ఒడియా బడి భాష, బస్సు భాష. అందులో అత్తగారు లేరు, గ్యాసు బండ లేదు, మొదటి ఏడాది మనసు నొచ్చుకున్న ఏ మాటా ఆ భాషలో లేదు. అందుకే తేలిగ్గా ఉంటుంది. ఆపణ (మీరు) అనే మనిషి ఒకరోజు తుమే (నువ్వు) అన్నప్పుడు ఒళ్లు ఝల్లుమని ఉంటుంది, కాదనను. ఆ తేలికదనంలో ఆయన గొప్పతనం ఎంత, ఇంటి బరువు లేని భాష గొప్పతనం ఎంత అన్నది మీరు విడదీసి చూసుకోవాలి. ఆయనతో కాపురం పెడితే ఏడాది తిరిగేసరికి ఒడియాలోనూ పప్పు, ఉప్పు, ఫీజు వచ్చి చేరతాయి. గిడుగు రామమూర్తి పంతులు గారు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పింది మీ పర్లాకిమిడిలోనే. ఇంట్లో మాట్లాడే తెలుగే పుస్తకంలోకీ రావాలని ఆయన జీవితాంతం పోరాడారు. మీ ఇంట్లో మాత్రం ఆ తెలుగు మూగబోయింది.

ఇప్పుడు స్కూటరు సంగతి. ఉత్తరంలో దాన్ని ఫిర్యాదుల వరసలో చేర్చారు. నేను అక్కడ ఆగాను. సాయంత్రం వేళ బట్టల దుకాణానికి బేరాలు వచ్చే సమయం. ఆ వేళకు గల్లా వదిలి, బస్సు ఆలస్యమైనా బస్టాండు దగ్గర నిలబడే మనిషి దగ్గర మాట లేదు గానీ మీ మీద ధ్యాస లేదని అనలేను. ధ్యాస ఒక్కటే చాలదని మీరంటే ఒప్పుకుంటాను, పన్నెండేళ్లు మాట లేకుండా బతకడం చిన్న బాధ కాదు. కానీ మీకు మాట కావాలని ఆయనతో ఎప్పుడైనా అన్నారా? అలిగి ఊరుకోవడం, గిన్నెలు గట్టిగా పెట్టడం లెక్కలోకి రావు. “నాకు ఒంటరిగా ఉంది” అన్న మూడు ముక్కలు తెలుగులో, ఆయన ముఖం చూస్తూ అన్నారా? బస్సులో మనిషికి వంద రకాలుగా చెప్పి ఉంటారు.

చెప్పాలా, దాచాలా అన్నారు. చెప్పండి. కానీ ముందు ఆ మెసేజీలు ఆపండి. ఆపకుండా చెబితే అది బెదిరింపులా వినిపిస్తుంది. ఆ ఒడియా ఆయనకు ఒకే ఒక్క మెసేజీ పెట్టండి: నా ఇంటి సంగతి నేను తేల్చుకోవాలి, ఇకపై రాయను, మీరూ రాయవద్దు అని. వారం రోజులు నరకంలా ఉంటుంది, ముఖ్యంగా రాత్రి పదకొండింటికి. వీలైతే ముందు బస్సుకో తర్వాతి బస్సుకో మారండి. ఆయన్ని చెడ్డవాడని నేననను. కానీ ఆయనకూ ఒక భార్య ఉంది, ఆమెకు తెలియకుండా ఆమె సంసారం మీ ఇద్దరి కబుర్లలో నలిగింది. ఆమెకు మీరు బాకీ పడిన మర్యాద ఈ మౌనమే.

తర్వాత మీవారికి మీ ఒంటరితనం ముందు చెప్పండి, ఆ తర్వాత ఒకరితో మనసు విప్పి మాట్లాడడం అలవాటైందనీ, ఆపేశాననీ చెప్పండి. ప్రతి మెసేజీ చదివి వినిపించనక్కర్లేదు. పేరు అడిగితే అబద్ధం ఆడకండి. ఆయన కోప్పడతారు, కొన్నాళ్లు ఇంకా మూగగా ఉంటారు, ఆ హక్కు ఆయనకుంది. ఏనాడూ చెయ్యెత్తలేదని రాశారు కనుకే ధైర్యంగా చెబుతున్నాను. ఆ మాటలో ఏమాత్రం సందేహం ఉన్నా, ముందు పుట్టింటివారిలో ఒకరికి చెప్పి ఉంచండి, మహిళల సహాయానికి ఉన్న 181 నంబరు గుర్తుపెట్టుకోండి.

చట్టం గురించి మీరు అడగలేదు, కానీ ఆ భయం మనసులో మూల ఎక్కడో ఉంటుంది. వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసిన 497వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న కొట్టేసింది, పోలీసుల ప్రసక్తి లేదు. అయితే 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం భార్యాభర్తల్లో ఒకరు ఇంకొకరితో శారీరక సంబంధం పెట్టుకుంటే అది విడాకులకు కారణమవుతుంది. మాట్లాడుకున్నాక ఇద్దరూ విడిపోదామనే అనుకుంటే పరస్పర అంగీకారంతో వెళ్లవచ్చు, దానికి ముందు ఏడాదిపాటు విడిగా ఉండి ఉండాలి. ఆదాయంతో పని లేకుండా ఏ మహిళకైనా ఉచితంగా వకీలును ఇచ్చే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ మీ ఊళ్లోనే ఉంది, గజపతి జిల్లా కేంద్రం అదే కదా. ఫోను నంబరు 15100. ఇద్దరి మధ్య మాట సాగక, మనసు మరీ కుంగితే 14416కు ఫోను చేయండి, అది ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సేవ.

ఆరు నెలలు గడువు పెట్టుకోండి. ఈ ఆరు నెలలూ బస్సులో మనిషి లేని కాపురాన్ని చూడండి. మీవారు నోరు విప్పితే ఒక దారి. మీరు నిజంగా తలుపు తట్టాక కూడా ఆయన తెరవకపోతే, మామగారి పాత్ర అన్న మాట అప్పుడు మీకు పనికొస్తుంది. విడిగా ఉండాలని నిర్ణయించుకున్నా నేను మిమ్మల్ని తప్పుపట్టను. ఎవరి కోసమో కాక, మీ కోసం వెళ్లినవారవుతారు.

రేపు సాయంత్రం బస్సు దిగాక మామూలుగా స్కూటరు ఎక్కండి. ఇంటికి వద్దు, మహేంద్రతనయ నది ఒడ్డు దాకా పోనివ్వమనండి. ఎందుకని అడుగుతారు. అడిగితే, ఆ రోజు మొదటి మాట ఆయనదే అయింది. అక్కడ బండి ఆపాక మీరు మొదలుపెట్టండి.