మిరపలో మందు ముద్దకట్టడం: స్ప్రెడర్ పెంచడం పరిష్కారం కాదు

సందేహం: మిరపలో పురుగు నివారణకు సి.ఎస్. (క్యాప్సూల్ సస్పెన్షన్, అంటే సూక్ష్మ గుళికల) రకం మందును జింకు సల్ఫేటుతో కలిపి బోరు నీటితో కొడుతున్నాము. ట్యాంకు అడుగున ముద్దలు చేరి నాజిల్ మూసుకుపోతోంది. సిలికాన్ స్ప్రెడర్ (మందు చుక్కను ఆకుపై పరిచే ద్రవం) తక్కువైందని దుకాణదారు చెప్పగా లీటరుకు 2 మి.లీ. కలిపాము. ముద్దలు తగ్గకపోగా ఆకుల అంచులు మాడాయి. మందు నకిలీదా? – ఒక రైతు

సలహా: మీరు రాసిన వివరాలలో మందు నకిలీదని అనుమానించడానికి ఆధారం లేదు. అసలు కారణం జింకు సల్ఫేటు. బోరు నీరు కఠిన జలమైతే అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు దానికి తోడవుతాయి. సి.ఎస్. మందులో పాలిమర్ పొర కప్పిన సూక్ష్మ గుళికలు నీటిలో తేలియాడుతుంటాయి. అవి ఒకదానికొకటి అంటుకోకుండా తయారీలోనే కొన్ని పదార్థాలు కలుపుతారు. లోహ లవణాలు ఎక్కువైనప్పుడు ఆ రక్షణ దెబ్బతిని గుళికలు గుంపుకట్టి అడుగుకు దిగుతాయి.

దీనిని స్ప్రెడర్ ఆపలేదు. పాలిమర్ రేణువులను స్థిరంగా నిలిపే సిలికాన్ సర్ఫాక్టెంట్లు (తలతన్యతను తగ్గించే పదార్థాలు) లేకపోలేదు కానీ, అవి రేణువును గట్టిగా పట్టుకొని పొడవైన గొలుసులను బయటికి చాచే పెద్ద అణువులు, వాటి స్థానం తయారీ కర్మాగారంలో. దుకాణాలలో స్ప్రెడర్‌గా దొరికేది సాధారణంగా చిన్న అణువులుండే ట్రైసిలోక్సేన్ రకం. అది నీటి తలతన్యతను మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్ల నుంచి 20–22కు తగ్గించి చుక్కను ఆకుపై పరుస్తుంది, అంతే. మోతాదు మించితే మందు ఆకు మీద నిలవక నేలపాలవుతుంది, లవణపు నీరు పత్రరంధ్రాలలోకి చొరబడి ఆకు మాడుతుంది. ఏ ఇబ్బంది చెప్పినా ఇంకొంచెం స్ప్రెడర్ పోయమనే దుకాణపు సలహాను దయచేసి మానుకోండి.

ఇకపై పురుగుమందును లేబుల్ మోతాదులో విడిగా కొట్టండి. ట్యాంకును సగం మంచి నీటితో నింపి మందు వేసి కలిపి, మిగిలిన నీరు పోశాక చివరగా 100 లీటర్లకు 25–50 మి.లీ. స్ప్రెడర్ చేర్చి నెమ్మదిగా కలపండి. ముందే వేస్తే నురుగు పొంగుతుంది. నీటి పి.హెచ్. 6–8 మధ్య ఉండాలి. ఆమ్ల, క్షార జలాలలో ఈ స్ప్రెడర్ త్వరగా విచ్ఛిన్నమవుతుంది కనుక కలిపిన ద్రావణాన్ని మరునాటికి దాచవద్దు. ఏ కొత్త మిశ్రమాన్నైనా ముందుగా గాజు సీసాలో అదే నిష్పత్తిలో కలిపి 30 నిమిషాలు ఉంచి ముద్దకడుతుందేమో చూడండి.

జింకు లోపం మట్టి పరీక్షలోనో, ఆకుల లక్షణాలలోనో నిర్ధారణ అయితేనే లీటరుకు 2 గ్రా. జింకు సల్ఫేటును, స్ప్రెడర్ లేకుండా, పురుగుమందుకు 3–4 రోజుల ఎడంతో సాయంత్రం పూట పిచికారీ చేయండి.