నూబియా కట్టడాల ఫోటోలు: పొద్దున్నే వెళ్లండి, గోడల దగ్గరకు వెళ్లండి

ఈజిప్టు వెళ్తున్నానని, ప్రాచీన నూబియన్ల (ఈజిప్టు దక్షిణం, సూడాన్ ఉత్తరాల్లోని నైలు నది లోయ ప్రజల) కట్టడాలను ఎక్కడ, ఎలా ఫోటో తీయాలని అడిగారు.

ఉద్యోగం మీద సూడాన్‌లోని ఖార్టూమ్‌లో ఉన్న రోజుల్లో రెండుసార్లు మెరోయె పిరమిడ్లకు, అంటే నూబియా రాజులు, రాణుల సమాధుల దగ్గరకు, వెళ్లాను. కారులో సుమారు 200 కిలోమీటర్లు. మొదటిసారి చేరేసరికి సాయంత్రమైంది. ఇసుక దిబ్బలు, నిటారుగా లేచిన సన్నటి పిరమిడ్లు, వెనక దిగుతున్న పొద్దు. అదే దృశ్యాన్ని నూట యాభై సార్లు తీశాను. ఇంటికొచ్చి చూస్తే అన్నీ నల్లటి ఆకారాలే. వాటిని కట్టిన మనుషుల ఆనవాలు ఒక్క ఫోటోలోనూ లేదు.

రెండోసారి తెల్లవారకముందే వెళ్లాను. అక్కడ ప్రతి పిరమిడ్‌కూ తూర్పు వైపు చిన్న గుడి గది ఉంటుంది. ఉదయపు ఎండ లోపలి పక్క గోడల మీద ఏటవాలుగా పడితే, గాలికి, ఇసుకకు అరిగిపోయిన బొమ్మలు కూడా లేచి కనిపిస్తాయి. ఎండ నడినెత్తికి వస్తే ఆ గీతలే కనబడవు. అమానిషఖెతో రాణి పిరమిడ్ దగ్గర ఎక్కువసేపు ఉన్నాను. 1834లో ఫెర్లీని అనే ఇటాలియన్ నిధి కోసం దాన్ని కూలగొట్టాడు. దొరికిన బంగారు నగలు ఇప్పుడు బెర్లిన్, మ్యూనిక్ మ్యూజియంలలో ఉన్నాయి. పిరమిడ్ మాత్రం మొండిగా మిగిలింది. నన్నడిగితే ఆ మొండి గోడ ఫోటో ఏ సూర్యాస్తమయం కన్నా విలువైనది.

2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలయ్యాక ఖార్టూమ్ నేషనల్ మ్యూజియం దోపిడీకి గురైంది. నేను గంటలు గంటలు తిరిగిన గదులవి, ఆ వార్త చదివి చాలా బాధపడ్డాను. ఇప్పుడు సూడాన్ ఆలోచన పెట్టుకోకండి. దక్షిణ ఈజిప్టులోని ఆస్వాన్‌లో ఉండండి, అక్కడి నూబియా మ్యూజియానికి ఒక పూట పూర్తిగా ఇవ్వండి.

తర్వాత కలాబ్షా గుడి. నాగార్జునకొండ చూసి ఉంటే ఈ కథ మీకు తెలిసినదే: ఆస్వాన్ హై డ్యామ్ నీళ్లు రాకముందే రాళ్లు విప్పి, ఎత్తైన చోట మళ్లీ కట్టారు. అక్కడి గోడ మీద నూబియా రాజు సిల్కో గ్రీకు భాషలో వేయించిన శాసనం ఉంది, తప్పకుండా వెతకండి. గుళ్లు కదిలాయి, కానీ నూబియన్ల ఊళ్లు మాత్రం మునిగిపోయాయి. అందుకే ఆస్వాన్ దగ్గరి ఘర్బ్ సెహేల్‌లో రంగుల ఇళ్లు ఎంత అందంగా కనిపించినా, ఇంటివాళ్లను అడిగాకే కెమెరా ఎత్తండి.

ఇసుక గాలిలో లెన్స్ మార్చకండి. చెక్కిన బొమ్మకు ఎదురుగా నిలబడి ఒకటి, గోడంతా వచ్చేలా ఒకటి తీయండి. ఏ గుడి, ఏ గోడ, ఏ దిక్కు అన్నది అదే రాత్రి రాసుకోండి. నా మెరోయె ఫోటోల్లో సగం ఏ పిరమిడ్‌వో ఇప్పుడు నాకే తెలియడం లేదు, మళ్లీ వెళ్లి సరిచూసుకునే వీలూ లేదు.