సమాధానం: ట్యూనర్ పచ్చగా చూపిస్తున్నా తంబూరాతో ఓపెన్ డి కలవట్లేదు

పర్లాకిమిడి తమ్ముడూ, నీ గిటారు బాగానే ఉంది. ఓపెన్ డి (నొక్కకుండా మీటితేనే డి కార్డ్ పలికే శ్రుతి, ఆరో తీగ నుంచి: డి ఎ డి ఎఫ్‌షార్ప్ ఎ డి) పెట్టి తంబూరా యాప్‌తో వాయిస్తే మూడో తీగ స్వరం అలలా ఊగుతోందన్నావు కదా, ఆ ఊగడానికి కారణం ట్యూనరే.

ట్యూనర్ స్థాయిని (స నుంచి పై స దాకా) 12 సమభాగాలు చేస్తుంది, ఒక్కో భాగం 100 సెంట్లు. డి షడ్జమైతే నీ మూడో తీగ అంతర గాంధారం, ట్యూనర్ లెక్కలో అది 400 సెంట్లు. తంబూరా షడ్జంలోంచి తనంతట పుట్టే స్వయంభూ గాంధారం 386. ఆ 14 సెంట్ల తేడాయే నీ చెవికి గుచ్చుకుంటోంది. పంచమానికి తేడా 2 సెంట్లే, దాన్ని వదిలెయ్.

ట్యూనర్ ఆపేసి ఇలా చెయ్యి: ఆరో తీగ మీద నాలుగో ఫ్రెట్‌కి కాస్త వెనకగా (గిటారు తల వైపు), నొక్కకుండా వేలు ఆనించి మీటు. సన్నగా ఎఫ్‌షార్ప్ వస్తుంది. మూడో తీగని 12వ ఫ్రెట్ దగ్గర అలాగే మీటి, రెండూ కలిసి ఊగడం ఆగేదాకా దించు. తీగని ముందు బాగా దించి, కింద నుంచి పైకి బిగించుకుంటూ రా, లేకపోతే జారిపోతుంది. బరంపురంలో మా ఇంట్లో వానాకాలం రోజుకి రెండుసార్లు ఇదే పని!

స్లైడ్‌కీ, ఒకే వేలితో ఆరు తీగలూ నొక్కే కార్డ్‌లకీ ఇది హాయిగా ఉంటుంది. మూడో తీగని మొదటి ఫ్రెట్‌లో నొక్కి జి కార్డ్ పట్టావో, అక్కడ పలికే మధ్యమం (జి) కూడా దిగిపోయి చేదుగా వినిపిస్తుంది. అలాంటి పాటలకి 6, 7 సెంట్లే దించు. భజనలో పక్కన హార్మోనియం ఉంటే మాత్రం ట్యూనర్ మాటే విను, దాని రీడ్లు మామూలుగా సమభాగాలవే.