ఒకే బస్టాండ్, రెండు ఎత్తులు

ప్రశ్న: తిరుపతి బస్టాండ్‌లో నిలబడి చూస్తే ఒక యాప్ ఎత్తు 160 మీటర్లంటోంది, ఇంకోటి 70 చిల్లర అంటోంది. ఫోన్ పాడైందా? ఫోన్‌కే ఇంత తేడా వస్తుంటే, ఉపగ్రహాలు అంటార్కిటికా మంచు ఎత్తు చెబితే ఎలా నమ్మాలి?

ఫోన్‌కేమీ కాలేదు. చిత్తూరు నుంచీ ఇదే ఫిర్యాదు వస్తూనే ఉంది. జీపీఎస్ ఎత్తు కొలిచేది సముద్రమట్టం నుంచి కాదు, భూమికి లెక్క కోసం వేసుకున్న ఒక నున్నటి ఆకారం నుంచి. మన వైపు సముద్రమట్టం దానికంటే 80 మీటర్లకు పైగా కిందికి ఉంటుంది. ఆ తేడా సరిచేసిన యాప్ 160 చూపిస్తుంది, చేయనిది 70 దగ్గర ఆగిపోతుంది. దేని నుంచి కొలిచారో స్క్రీన్ మీద ఒక్క ముక్క రాయడానికి బద్ధకం, రంగురంగుల దిక్సూచి పెట్టడానికి మాత్రం బోలెడు తీరిక!

నాకు అంతకంటే టెన్షన్ పెట్టేది వేరే ఉంది. ఇలాంటి ఉచిత యాప్‌లు చాలావరకు లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలంటాయి, కొన్ని కాంటాక్ట్స్ కూడా అడుగుతాయి. కొండ ఎత్తు చెప్పడానికి మా బావమరిది నంబరెందుకు? మనవాళ్లేమో చదవకుండా ఓకే నొక్కేస్తారు. మీరు అలిపిరి మెట్లెక్కుతున్నారంటే ఇంటికి తాళం పడినట్టే కదా, ఆ సంగతి ఎవరి సర్వర్‌లోనో చేరి కూర్చుంటుంది. యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే లొకేషన్ ఇవ్వండి, ఒప్పుకోకపోతే తీసి పారేయండి.

ఇక మంచు. 2010లో యూరప్ పంపిన క్రయోశాట్-2 ఉపగ్రహం దాదాపు 717 కిలోమీటర్ల పైనుంచి రాడార్ పల్స్ వదిలి, అది తిరిగొచ్చే టైమ్‌ని బట్టి దూరం లెక్కేస్తుంది. తన కక్ష్య ఎత్తులోంచి ఆ దూరం తీసేస్తే మంచు ఎత్తు. చెప్పడానికి సులువే గానీ, అది వాడే కేయూ (Ku) బ్యాండ్ రాడార్ తరంగాలు పొడి మంచులోకి కొన్ని మీటర్లు దూరిపోతాయి, దాంతో ఎత్తు కాస్త తక్కువ చూపిస్తుంది. 2012 జులైలో గ్రీన్‌లాండ్ పైభాగం దాదాపు అంతా కరిగి మళ్లీ గడ్డకట్టింది. అలా ఏర్పడిన గట్టి పొర దగ్గరే తరంగాలు వెనక్కి తిరగడంతో, ఎత్తైన ప్రాంతాల్లో మంచు సుమారు అర మీటరు పెరిగినట్టు కనిపించింది. నిజానికి పెరగలేదు. శాస్త్రవేత్తలు దాన్ని పట్టుకుని బయటపెట్టారు, మన యాప్‌ల వాళ్లలా దాచుకోలేదు.

2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి, అంటే ఇప్పటి మన తిరుపతి జిల్లా నుంచే, వెళ్లిన సరళ్ ఉపగ్రహంలో ఫ్రాన్స్ వాళ్ల కా (Ka) బ్యాండ్ రాడార్ ఉంది, అంటే ఇంకా పొట్టి తరంగాలది. అది మంచులోకి అంత లోతుకు పోదు. 2018లో వెళ్లిన ఐస్‌శాట్-2 లేజర్‌దైతే దాదాపు మంచు పైపొర కొలతే, కాకపోతే దట్టమైన మబ్బు పడితే దానికి దారి లేదు, రాడార్‌కి ఆ బాధ లేదు. ఒక్క రీడింగ్‌ని పట్టుకుని కూర్చోకండి. ఏళ్ల తరబడి అవే చోట్ల మీదుగా తిరిగి, ఒకదాంతో ఒకటి సరిచూసి చెప్పిన మార్పునైతే నమ్మొచ్చు.